ఎండిన కాలువలో బాప్తిస్మం

సోమవారం పొద్దున లాజరు పాతగరువు రేవు దగ్గర గట్టెక్కేసరికి కాలువలో నీళ్ళు లేవు.

పోయిన వారం వచ్చినప్పుడు నడుం లోతు పారిన కాలువ. ఇప్పుడు అడుగున ఇసక, నడిమధ్య సన్నటి తడి, ఆ తడి వెంట కొంగలు. ఒక పడవ పక్కకు ఒరిగి బురదలో దిగబడి ఉంది. పడవవాళ్ళు దాని నీడలోనే పొయ్యి వెలిగించుకుని అన్నం వండుకుంటున్నారు.

గట్టు మీద కాలువ కాపలా చూసే లస్కరు కనబడితే అడిగాడు. లాకు తలుపులు పాడయ్యాయని, ఏటా వేసవిలో నీళ్ళు ఆపి కట్టే కాలువనే ఈసారి ముందుగా కట్టేశారని, ఊళ్ళో చాటింపు కూడా వేశారని లస్కరు చెప్పాడు.

"పల్లెలో ఎవరూ వినలేదే," అన్నాడు లాజరు.

"పల్లెలో వెయ్యరు కదండీ."

అతను ఆ మాట ఎండ గురించి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు. చాటింపు విన్న ఊరు తన చెరువు నింపుకుంది. మాలపల్లెకు చెరువు లేదు, ఊరి చెరువులో దిగే హక్కు లేదు. ఉన్నది కాలువ ఒక్కటే. దాన్ని కట్టేస్తున్నారని పల్లెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

లాజరు గట్టు మీద నిలబడిపోయాడు. తప్పు తనదీ ఉంది. పోయిన వారం సంతలో, ఊరివాళ్ళందరూ వింటుండగా, అవసరం లేకపోయినా గొంతెత్తి చెప్పాడు. ఈ ఆదివారం కాలువ రేవులో చిట్టియ్య బాప్తిస్మం తీసుకుంటాడు, ఎవరైనా వచ్చి చూడవచ్చు అని. ఎండాకాలంలో కాలువ కడతారని గోదావరి జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. సంత మధ్యలో నిలబడి నలుగురూ తలలు తిప్పి చూస్తుంటే అది గుర్తు రాలేదు.

అతనికి ఇరవై రెండేళ్ళు. రాజమండ్రిలో దొరల బడిలో చదువుకున్నాడు. అతని సంఘం చిన్నది. బోధకులను ఇద్దరిద్దరినిగా పంపుతుంది. చేత మూట ఉండకూడదు, పెట్టింది తినాలి, చూపిన చోట పడుకోవాలి. లాజరుకు జంటగా ముసలయ్యను ఇచ్చారు. ఒకప్పుడు పడవలకు తాడు కట్టి లాగిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక వెనక నడుస్తాడు, అడిగినా అడగకపోయినా మాట్లాడతాడు.

ఆ సంఘంలో బాప్తిస్మమంటే చిలకరించడం కాదు. మనిషిని నిండా ముంచాలి. ఏ అంగం నీటిపైన తేలినా మళ్ళీ ముంచాలి. అందుకే ఊళ్ళల్లో వాళ్ళకు 'ముంచేవాళ్ళు' అని పేరు పడింది. లాజరు ఇంతవరకూ ఎవరినీ ముంచలేదు. సంఘాన్ని నడిపే దొర ఈ ఏడే అనుమతి ఇచ్చాడు. మొదటి మనిషి చిట్టియ్య.

ఈ చిట్టియ్య మామూలు మనిషి కాదు, ఊరికి అతనితో పని ఉంది. ఏటా అమ్మవారి జాతరలో దున్నను బలి ఇచ్చాక, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని గంపలో పెట్టి ఒక మాలవాడి నెత్తికెత్తుతారు. అతను పొలిమేర చుట్టూ తిరుగుతూ దాన్ని చల్లుతాడు. పొలి చల్లడమంటారు. కత్తులు పట్టుకున్నవాళ్ళు వెనక నడుస్తారు. ఎక్కడా ఆగకూడదు, తూలకూడదు, వెనక్కి చూడకూడదు. ఆ పొలి సరిగ్గా పడితేనే మహమ్మారి ఊళ్ళోకి రాదని నమ్మకం. చిట్టియ్య ఇంట్లో తాతలనాటి నుంచీ అదే పని.

ఈ ఏటి జాతర ఆదివారం దాటాక వచ్చే మంగళవారం. ఆదివారం మునిగినవాడు మంగళవారం గంప ఎత్తడు. ఆదివారం మునగకపోతే, ఎత్తక తప్పదు. ఊరు వదలదు.

ఆ సాయంత్రం చిట్టియ్య ఇంటి ముందు కూర్చుని లాజరు గోదావరి మాట ఎత్తాడు. రెండామడల దూరం. శనివారం బయలుదేరితే ఆదివారం పొద్దుటికి నది చేరవచ్చు. నిండు నీళ్ళు. అడ్డుపడేవాళ్ళు ఉండరు.

చిట్టియ్య చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. పెద్ద మనిషి, భారీ భుజాలు. మాట మాత్రం మెల్లగా ఉంటుంది.

"ఊరంతా చూత్తుండగా నెత్తురు గంప నెత్తినెట్టుకున్నానండి. ఇప్పుడు దొంగోడిలా ఎక్కడికో ఎల్లి మునిగొత్తానా? మునిగాడో లేదో ఎవరు చూశారు, ఎత్తరా గంప అంటారు. ఊళ్ళోనే మునుగుతాను అయ్యగారూ. ఆళ్ళ కళ్ళముందే."

"ఊళ్ళో నీళ్ళు లేవు కదా చిట్టియ్యా."

"అది మీరు చూసుకోవాల. సంతలో చెప్పింది మీరేగా."



మంగళవారం ఇద్దరు బోధకులూ పక్క పల్లెకు వెళ్ళి వచ్చారు. దారిలో, ఎవరూ లేని చోట, లాజరు కాలువ ఇసకలోకి దిగి ముసలయ్యను నిలబెట్టాడు. ముంచడం ఎలాగో చేత్తో తెలుసుకోవాలి. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి కట్టుకున్న చేతుల మీద. ముసలయ్య వెనక్కి ఒరిగాడు. లాజరు ఆపలేకపోయాడు. ఇద్దరూ ఇసకలో పడ్డారు.

"నేను ఎండుచేపంత లేను అబ్బాయీ," అన్నాడు ముసలయ్య, పడుకునే. "వాడు దున్నలా ఉంటాడు. నీళ్ళు ఉంటే తేలిగ్గానే ఉంటాడులే. ఉంటే."

కాసేపాగి, ఎవరూ వినడం లేదు కనక అంటున్నానన్నట్టు, లూథరన్ సంఘంవాళ్ళు చెంబెడు నీళ్ళతో పని కానిస్తారు కదా, వాళ్ళూ పరలోకానికే కదా పోయేది అన్నాడు. లాజరు ఇసక దులుపుకుని లేచాడు. మళ్ళీ ఒరగమన్నాడు.

బుధవారం మునసబు దగ్గరనుంచి కబురొచ్చింది.

మునసబు అప్పాజీగారు ఊరికి పెద్ద. జాతర జరిపించేది ఆయనే. చావిడి అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నారు. లాజరు కింద, ఎండలో గొడుగు వేసుకుని నిలబడ్డాడు. గొడుగు ముడిచి చంకలో పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాడు.

"నువ్వేనా ముంచేవాడివి?"

"అవునండి."

"దేన్లో ముంచుతావ్? ఇసకలోనా?"

అరుగు మీద నవ్వులు. ఒకాయన, ఇసకలో ముంచితే దాన్ని పాతిపెట్టడం అంటారని సందేహం తీర్చాడు.

"నీళ్ళు చూసుకుంటామండి," అన్నాడు లాజరు.

"పల్లెలో నిన్ను అయ్యగారూ అంటున్నారంటగా. మేమూ అనాలా?"

"లాజరు అంటే చాలండి."

నవ్వు ఆగిపోయింది. అప్పాజీగారు మిగతావాళ్ళను పంపేశారు. అరుగు అంచుకు జరిగి కూర్చున్నారు. దగ్గరనుంచి చూస్తే ముసలి మొహం. రెండేళ్ళ కిందట పొలి సరిగ్గా పడలేదని, ఆ వేసవిలోనే మహమ్మారి వచ్చిందని, తన పెద్దకోడలు పొద్దున ముగ్గు పెట్టి సాయంత్రానికి పోయిందని చెప్పారు. ఆ తరవాత అడిగినది చిన్నదే. మంగళవారం ఒక్కసారి చిట్టియ్య గంప ఎత్తాలి. ఇదే ఆఖరు. వచ్చే ఏటికి ఇంకొకణ్ణి చూసుకుంటారు. తన అరటితోటలో గుంట ఉంది, నిండా నీళ్ళున్నాయి. జాతర మర్నాడు, బుధవారం, అందులో ముంచుకోవచ్చు. పల్లెవాళ్ళందరూ తోటలోకి రావచ్చు. తానే దగ్గరుండి చూస్తానన్నారు.

ఒక మాలవాడికి అప్పాజీగారు తన గుంట ఇస్తానన్నారు. అది ఎంత పెద్ద మాటో లాజరుకు తెలుసు.

"ఆ ఏడు పొలి పడలేదని చిట్టియ్యను ఈ స్తంభానికే కట్టారటండి," అన్నాడు.

"కట్టాం. మనుషులు పోతున్నారు. ఎవరికి మతి ఉంటుంది?"

"ఆ వారమే చిట్టియ్య కూతురు కూడా పోయిందండి."

అప్పాజీగారు తలెత్తి ఆ స్తంభం వైపు చూశారు. ఆ సంగతి ఆయనకు తెలియదు. తరవాత, వాణ్ణి అడిగి చెప్పు, అన్నారు.

అడిగాడు. గురువారం పొద్దున చిట్టియ్య గడపలో నిలబడి, గుంట సంగతి, తోట సంగతి, ఆఖరుసారి అన్న మాట, ఏదీ దాచకుండా చెప్పాడు. చిట్టియ్య భార్య జ్ఞానమ్మ అన్నం వారుస్తూ వింది. ఆమె పేరు సంఘం పెట్టింది. భయం మాత్రం పాతదే ఉంది.

"ఒక్కసారేగా," అంది భర్తతో. "ఎత్తేసిరా. అమ్మోరి బాకీ తీరిపోద్ది. బుధవారం శుభ్రంగా మంచి నీల్లల్లో మునుగు. ఎవడికీ కోపం ఉండదు."

"నా బాకీ రెండేళ్ళ కిందటే తీరింది," అన్నాడు చిట్టియ్య.

"పిల్ల పోయిందని నాకు లేదా?"

"నీకుంది. నన్ను కట్టింది ఆ రోజే. పిల్ల ఇంట్లో ఉంది, నేను స్తంభానికి ఉన్నాను. విప్పేసరికి మీరు మట్టి చేసేశారు." అతని గొంతు పెరగలేదు. "మళ్ళీ ఆ గంప ముట్టుకుంటే, ఆళ్ళు కట్టింది న్యాయమేనని నేను ఒప్పుకున్నట్టు. ఒక్కసారి కాదు, ఒక్క మెతుకు కూడా చల్లను."

జ్ఞానమ్మ గంజి తీసి పక్కన పెట్టింది.

లాజరు బయటికి వచ్చేశాడు. చిట్టియ్య ఒప్పుకుంటే బాగుండునని తాను గుమ్మంలో నిలబడ్డంతసేపూ అనుకున్నాడు. అరటితోట, నిండు గుంట, తిట్టేవాళ్ళు లేని బాప్తిస్మం. ఆ ఆశ తనలో ఎంత బలంగా ఉందో చూసుకుని సిగ్గుపడ్డాడు. నేరుగా చావిడికి వెళ్ళి, చిట్టియ్య ఎత్తడండి, ఆదివారమే మునుగుతాడు అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా వచ్చేశాడు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కోవడానికి కాలువలోకి దిగాడు. కాలువ కట్టినప్పుడల్లా పల్లె ఆడవాళ్ళు అడుగున ఇసకలో చెలమలు తోడుకుంటారు. చేతులతో ఇసక తీస్తే కొంచెం కొంచెంగా నీరు ఊరుతుంది. చిప్పతో తోడి కుండలో పోసుకుంటారు. ఒక చెలమ పక్కన దీనమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. లాజరు ఆమె తోడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. తోడిన కొద్దీ ఊరుతోంది.

"ఎంత లోతు తవ్వితే అంత ఊరుతుందా?"

"ఊరుద్దండి. పక్కలు కూలకపోతే."

"మనిషి పట్టేంత తవ్వితే?"

దీనమ్మ చిప్ప ఆపి అతనికేసి చూసింది. తరవాత పెద్దగా నవ్వింది. పక్క చెలమల దగ్గరున్నవాళ్ళను పిలిచి చెప్పింది. అయ్యగారు ఏం చెయ్యబోతున్నారో విన్నారా, అంది. వాళ్ళూ నవ్వారు. ఆ నవ్వులో ఎక్కడో, తవ్వవచ్చు అని ఒక గొంతు అంది. ఈ కాలువను మన తాతలు తవ్వలేదా అని ఇంకొక గొంతు.

శుక్రవారం పార దిగింది. చిట్టియ్య, అతని తమ్ముళ్ళు, పల్లెలో ఇంకో నలుగురు. సంఘంలో లేనివాళ్ళూ వచ్చారు. ఎందుకొచ్చావని ముసలయ్య ఒకణ్ణి అడిగితే, ఊరికే కూర్చుంటే నిద్రొస్తోందన్నాడు. ఇసక తీసిన కొద్దీ పక్కలు జారాయి. తాటిమట్టలు కొట్టుకొచ్చి చుట్టూ దడి కట్టారు. దడి వెనక ఎండుగడ్డి దట్టించారు. శనివారం పొద్దు వాలేసరికి గొయ్యి తయారైంది. నీరు తొడల దాకా ఊరింది. తెల్లవారేసరికి నడుం దాకా వస్తుందని అందరూ అన్నారు.

చీకటి పడకముందే లాజరు పారలన్నీ గట్టెక్కించాడు. రేపు ఆదివారం, పార ముట్టుకోకూడదు అన్నాడు. ఆ మాట పల్లెకు కొత్త కాదు. పోయిన ఊడ్పుల కాలంలో ఆదివారం పనికి వెళ్ళవద్దని నేర్పింది అతనే. ఆ ఒక్క రోజు కోసం పల్లెవాళ్ళు రైతుల చేత తిట్లు తిన్నారు, ఇద్దరు పాలేర్లకు పని పోయింది. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. పల్లె ఊరికి ఎదురు నిలిచింది ఆ ఒక్క విషయంలోనే.

ఆదివారం తెల్లవారి వచ్చి చూస్తే గొయ్యి లేదు.

దడి పీకి పారేశారు. ఇసక తోసి పూడ్చారు. పైన తుమ్మకంప పరిచారు. మధ్యలో కొంచెం తడి మిగిలింది, అంతే.

పొద్దెక్కేకొద్దీ రెండు గట్లూ నిండాయి. సంతలో చేసిన ఆహ్వానం ఎవరూ మరిచిపోలేదు. ఊరి వైపు గట్టు మీద పంచెలు, తలపాగాలు. నడుమ అప్పాజీగారు, పక్కన ఒకడు గొడుగు పట్టాడు. ఇవతలి గట్టు మీద పల్లె. కాలువ అడుగున లాజరు, చిట్టియ్య, ముసలయ్య, కంప.

పూడ్చింది ఎవరని ఎవరూ అడగలేదు.

చిట్టియ్య కంప లాగి పక్కన పడేశాడు. లాజరు వైపు చూశాడు. పారలు గట్టు మీదే ఉన్నాయి.

అవతలి గట్టు మీదనుంచి ఒకడు కేకేశాడు.

"ఇవాళ ఏ వారమో తెలుసా అయ్యగారూ? మా ఊడ్పులప్పుడు బాగా గుర్తుండేది."

గట్టంతా నవ్వింది. నవ్వు తగ్గాక అప్పాజీగారు, నవ్వకుండా, అందరికీ వినబడేలా అన్నారు. "పార పడితే నీ మాట పోతుంది. పట్టకపోతే ముంచలేవు. బుధవారం మా గుంట అలాగే ఉంటుంది లాజరూ. పోయి పడుకో."

లాజరు కాసేపు ఇసకకేసి చూశాడు. అప్పాజీగారు చెప్పింది నిజం. దారి రెండువైపులా మూసి ఉంది. దొరను అడగడానికి వ్యవధి లేదు. పుస్తకంలో వెతకడానికీ లేదు. పల్లె గట్టు మీద, పోయిన ఏడు పని పోగొట్టుకున్న పాలేర్లిద్దరూ నిలబడి ఉన్నారు. వాళ్ళు నవ్వడం లేదు. తననే చూస్తున్నారు.

గట్టెక్కి పార తీసుకున్నాడు. ముసలయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"దొరకు తెలిస్తే కూడు పోద్ది అబ్బాయీ."

"నేనే చెబుతాను."

కాలువలోకి దిగి అవతలి గట్టు వైపు తిరిగాడు.

"మీ చేలకైతే పట్టమండి. మా నీళ్ళకు పడతాం."

పార దింపాడు. బడి చదువు చేతులు, మొదటి పారకు లేచింది రెండు గుప్పెళ్ళ ఇసక. అవతల ఎవరో ఈల వేశారు. రెండో పార వేశాడు. మూడోదానికి చిట్టియ్య వచ్చి పార లాక్కున్నాడు. లాజరు ఇంకొకటి తెచ్చుకున్నాడు. పాలేర్లిద్దరూ దిగారు. తరవాత పల్లె దిగింది. మగవాళ్ళు తవ్వారు, ఆడవాళ్ళు గంపలతో ఇసక ఎత్తి దూరంగా పోశారు. దీనమ్మ కొంగు బిగించి అందరికంటే ముందు నడిచింది. జ్ఞానమ్మ చాలాసేపు గట్టు మీదే ఉంది. చివరికి ఆమె కూడా గంప పట్టుకుంది. భర్త వైపు చూడలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఊరివాళ్ళు ఇళ్ళకు పోలేదు. పోతే ఓడినట్టు. గట్టు మీద నీడ లేదు. నీరు మోకాళ్ళ దాకా ఊరింది, ఎర్రగా, గంజిలా చిక్కగా. నిన్న కట్టిన దడి మళ్ళీ కట్టడానికి ఓపిక లేదు, పక్కలు జారుతున్నాయి. ఆలస్యం చేస్తే ఉన్నది కూడా పూడిపోతుంది.

లాజరు గోతిలోకి దిగాడు. చిట్టియ్య దిగాడు. నిలబడి ఒరగడానికి లోతు చాలదు. చిట్టియ్య నీళ్ళలో కూర్చున్నాడు, చేతులు గుండెల మీద కట్టుకున్నాడు. లాజరు మోకరిల్లి మెడ కింద చెయ్యి పెట్టాడు. చెప్పవలసిన మాటలు చెప్పాడు. ఒరిగించాడు. మొహం మునిగింది, గుండెలు మునిగాయి.

"మోకాలు తేలింది," అన్నారు అవతలి గట్టు మీదనుంచి. ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. "తేలింది, తేలింది, చెల్లదు."

ముంచేవాళ్ళ నియమం ఊరికి బాగానే తెలుసు.

లాజరు చిట్టియ్యను లేవదీశాడు. ఇద్దరికీ కనురెప్పల మీద బురద. గట్టు వైపు తిరిగి, "అవునండి, తేలింది. బాగా చూడండి," అన్నాడు. చిట్టియ్య కాళ్ళు చాపుకున్నాడు. ముసలయ్య, తన మోకాళ్ళ సంగతి మరిచి, గోతిలోకి జారి ఆ కాళ్ళ మీద కూర్చున్నాడు. లాజరు మళ్ళీ మొదటినుంచీ మాటలు చెప్పి రెండు చేతులతో నొక్కాడు. నీళ్ళు చిట్టియ్య మీద మూసుకున్నాయి. పైన ఏమీ లేదు. ఎర్రటి నీరు, దానిమీద ఒక గడ్డిపరక.

ఈసారి గట్టు మీదనుంచి చెల్లదన్న కేక రాలేదు.

చిట్టియ్య లేచాడు. దగ్గాడు. ముక్కులోనుంచి బురద చీదాడు. జ్ఞానమ్మ వంగి తన కొంగుతో అతని కళ్ళు తుడిచింది, గట్టిగా, పసివాడికి తుడిచినట్టు.

"పొలి ఎవడు చల్లుతాడ్రా?" అన్నారు అప్పాజీగారు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినబడింది.

చిట్టియ్య గోతిలో నిలబడే ఆయన వైపు చూశాడు. ఒంటి మీదనుంచి నీరు కారుతోంది.

"ఊరు మీదేనండి. మీరే చల్లుకోండి."

కాలువ అడుగు తవ్వినందుకు సర్కారుకు రాస్తానని అప్పాజీగారు అన్నారు. రాయండి, మొదటి పార నాదే అని రాయండి అన్నాడు లాజరు. వాళ్ళు కదలలేదు, వీళ్ళూ కదలలేదు. లాజరు పల్లెవాళ్ళను కూర్చోమన్నాడు. ఆ ఆదివారం ఆరాధన కాలువలోనే జరిగింది. ఇసక కాలుతోంది. తవ్వి తవ్వి చేతులు బొబ్బలెక్కినవాళ్ళు ఆ చేతులతోనే తాళం వేశారు. పాట ఎత్తింది ముసలయ్య, శ్రుతి ఎక్కడో తప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి పాడారు. పైన గట్టు మీద తలపాగాలు ఒక్కొక్కటిగా తగ్గాయి. గొడుగు అందరికంటే చివర కదిలింది. అదీ వెళ్ళాక గాని వాళ్ళు లేవలేదు.

మంగళవారం జాతర జరిగింది. పొలి ఎవరు చల్లారో పల్లెలో ఎవరూ అడగలేదు.